జానెడు కురచ

అండాలు కుట్టిన పరదాలు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎన్ని ఇళ్ళలో వేలాడుతున్నాయో ఆమెకే తెలియదు. ఒక్క ఇల్లు కూడా చూడలేదు మరి. కొలతలు తెచ్చేది భర్త బాలరాజ్, బట్ట తెచ్చేది బాలరాజ్, కుట్టినవి తీసుకుపోయి తగిలించేదీ బాలరాజే. చంపాపేట్‌లో వాళ్ళుండే ఇంటికి గల్లీలోకి ఒకటే కిటికీ. దాని పక్కనే కుట్టుమిషన్. పదకొండేళ్ళుగా ఆమె లోకమంతా ఆ మూడడుగుల వెడల్పే.

బాలరాజ్ చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. తాగడు, చెయ్యెత్తడు. బయటికొస్తానంటే మాత్రం ఒకటే మాట.

"ఎండల నువ్వెందుకు పరేషాన్ అవుడు? నేనున్న గద."

కూరగాయలు కూడా ఆయనే తెస్తాడు. తిట్టే మొగుడితోనైతే పోట్లాడొచ్చు. ప్రేమగా తలుపు మూసేవాడితో ఏమని పోట్లాడుతుంది? అండాలుకి ఊపిరాడనట్టుండేది. ఎవరికి చెప్పుకున్నా "నీకేం తక్కువనే" అనేవాళ్ళే, అందుకని చెప్పుకోవడమే మానేసింది.

పోయిన ఎండాకాలం ఎల్బీనగర్‌లో ఐదో అంతస్తులో ఉండే లలితకుమారిగారు పడకగది కిటికీకి రెండు పరదాలు కుట్టమన్నారు. బూడిద రంగు, వెలుతురు చొరబడని మందపు బట్ట. బాలరాజ్ నోటుబుక్కులో కొలత సరిగ్గానే రాసుకొచ్చాడు. కత్తెర చేతిలోకి తీసుకుని అండాలు ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. తర్వాత జానెడు తగ్గించి కోసింది.

అనుకున్నట్టే అయింది. బాలరాజ్ పరదాలు తగిలించేసరికి కింద జానెడు సందు, అందులోంచి మంచం మీదికి ఎండ.

"కొలతలు మీకు కుదరడం లేదండీ. ఆ కుట్టే మనిషినే ఓసారి తీసుకురండి," అన్నారట లలితకుమారిగారు.

బాలరాజ్ తల వంచుకుని ఇంటికొచ్చాడు. "నేనే తప్పు రాసుకున్న గావచ్చు. జర నువ్వు రావాలె," అన్నాడు.

అండాలు ఇస్త్రీ చీర కట్టుకుని స్కూటర్ ఎక్కింది. ఆ ఇంట్లో ఒక్క కిటికీని మూడుసార్లు కొలిచింది. నిజానికి ఒక్కసారి చాలు. కింద మెట్రో ఆగితే జనం దిగుతున్నారు. భుజాలకు సంచులు తగిలించుకుని ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళే చకచకా నడిచిపోతున్నారు. వాళ్ళను చూస్తుంటే అండాలుకి ఏడుపొచ్చినంత పనైంది.

"చక్కగా కొలుస్తున్నావమ్మా. కింద రెండు ఫ్లాట్ల వాళ్ళూ కుట్టించుకుంటామంటున్నారు. ఇకనుంచి నువ్వే వచ్చెయ్," అన్నారు లలితకుమారిగారు.

అండాలు సరేననబోయింది. బాలరాజ్ ఆమె చేతిలోని టేపు తీసుకుని, చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"ఆమెకు ఇంట్ల పనుంటది మేడం. నేనే ఒస్త. గిప్పటి సంది రెండుసార్లు కొలుస్త."

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇక తన కత్తెరను నమ్మడు. చెప్పకపోతే బాలరాజ్ తాను చెయ్యని తప్పును దిద్దుకునేదాకా నిద్రపోడు. సరూర్‌నగర్ దాటారు, చంపాపేట్ వచ్చింది, ఆమె స్కూటర్ దిగి ఇంట్లోకి నడిచింది.

మూడో రోజున బాలరాజ్ కొత్త పరదాలు తగిలించి, కురచైన పాత జతను చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. చేతిలో ఒక రాడ్ కూడా ఉంది. మిషన్ పక్కకు జరిపి, కిటికీ పైన మేకులు కొట్టాడు.

"గింత మంచి బట్ట, ఊకెనే పోనిస్తమా? గల్లీల పోయెటోళ్ళంత నీ దిక్కే చూస్తుండ్రు."

పరదా జారింది. పైనుంచి కిందిదాకా సరిగ్గా సరిపోయింది, వేలు పట్టే సందు కూడా మిగల్లేదు. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే.

బాలరాజ్ రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఇన్ని రోజులకు అతని ముఖంలో నవ్వు కనిపించింది.

"చూసినవా, గీసారి కొలత తప్పలే."

"తప్పలే," అంది అండాలు.

పట్టపగలు ట్యూబ్‌లైట్ వేసుకుని మిషన్ ముందు కూర్చుంది.