పాట ఆగిపోయిన మధ్యాహ్నాలు

మా వదిన పోయిందని మొన్న ఆదివారం పొద్దున్నే విడవలూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందట. ఎనభై దాటిన మనిషి, ఎవరితోనూ చేయించుకోకుండా వెళ్లిపోయిందని అందరూ అన్నారు. నేనూ అవునన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం ఖాళీ గదిలో "వదినా" అని పైకే పిలిచాను. ఇక ఆ పిలుపుకు పలికే మనిషి నాకు లేదు.

ఆమె మా అన్న భార్య. విడవలూరు బడిలో టీచరు. అన్న సరుకు ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు. పందొమ్మిదివందల యాభైల చివర్లో వాళ్ల పెళ్లయింది. పెళ్లయిన కొన్నాళ్లకే అన్న మద్రాసులో ఓడ ఎక్కాడు. నేను ఆడబిడ్డనే అయినా మా ఇద్దరికీ వయసులో పెద్ద తేడా లేదు గనుక, ఆమె మనసులో మాట నాతోనే చెప్పుకునేది.

వెళ్లేముందు అన్న ఒక బ్యాటరీ రేడియో కొనిపెట్టాడు. "మధ్యానం సిలోన్ నుంచి తెలుగు పాటలొస్తాయి గదా, ఓడలో నేనూ అదే పెడతా. నువ్వు ఈడ విను. ఇద్దరం ఒక చోట కూచోని విన్నట్టుంటది," అన్నాడు.

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే వదిన వేళ్లకు సుద్దపొడితోనే ఇంటికి వచ్చేసేది. ముందు రేడియో, తర్వాతే అన్నం. పాట వస్తున్నంతసేపూ ఆమెతో మాట్లాడకూడదు. ఆ కాసేపు ఆమె విడవలూరులో ఉండేది కాదు.

ఒకరోజు పాట చరణం మధ్యలో ఆగిపోయింది. వదిన మీట ఎంత తిప్పినా ఏ స్టేషనూ లేదు. "ఓడకేమన్నా అయిందేమో మే," అంది. స్టేషను పోతే ఓడకేం సంబంధమని నేను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. చాలాసేపటికి పాటలు తిరిగొచ్చాయి. వదిన మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

అన్న సెలవు మీద రాగానే ఆమె అడిగిన మొదటి మాట అదే.

"ఓడకేం కాలా. సూర్యుడి మీద మంట లేచింది," అన్నాడు అన్న. "అది లేస్తే పగలుండే దేశాలన్నిట్లో, మన పాటలొచ్చే షార్ట్‌వేవ్ కాసేపు పడిపోతాది. ఆ పొద్దు నాకూ ఏమీ వినపడలా."

"మీకూ వినపడలేదా?" అంది వదిన. ఆ మాటతో ఆమె ముఖం తేటపడిపోయింది.

అన్న ఓడలోని పాత దుర్భిణి ఒకటి తెచ్చాడు. దాన్ని కిటికీలో నిలబెట్టి, వెనక తెల్ల కాగితం పట్టి, సూర్యుడి బింబం పడేట్టు చేశాడు. "దీంట్లో కన్ను పెట్టి చూసినావంటే చూపు పోతాది. కాగితం మీదనే చూడు," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బింబం మీద ఆవగింజల్లాంటి నల్లమచ్చలు కనిపించాయి.

మంట ఎలా లేస్తుందో కూడా అన్న ఆ సెలవులోనే చెప్పాడు. మంచానికి నులక పేనుతున్నారు. ఒక కొస అన్న పట్టుకున్నాడు, రెండో కొస వదిన తిప్పుతోంది. "ఆ మచ్చలు అయస్కాంతాల మాదిరి. లోపల్నించి బలమంతా తాళ్లలాగా పైకి లేచి, ఒక మచ్చలోంచి ఇంకో మచ్చలోకి దిగతాది. మచ్చలు కదిలేకొద్దీ ఆ తాళ్లు మెలిబడతాయి. తిప్పు, ఇంకా తిప్పు," అన్నాడు. వదిన తిప్పింది. బిగుసుకున్న నులక ఉన్నట్టుండి తనమీద తానే మెలికపడి ముడుచుకుంది. "చూసినావా? నువ్వు తిప్పిన బలమంతా దీంట్లోనే దాగి ఉన్నింది. ఆడ ఆ తాళ్లు తెగి, వేరే విధంగా అతుక్కుంటాయి. దాగిన బలమంతా ఒక్కసారి మంటగా బయటికొస్తాది."

అన్న వెళ్లాక వదిన రోజూ కాగితం పట్టేది. మచ్చల గుంపు ఉబ్బి, చిందరవందరగా కలగలిసిపోతే, "ఈ రెండు మూడు దినాల్లో పాట పోతాది చూడు మే," అనేది. ఒక్కోసారి పోయేది, ఒక్కోసారి ఆ గుంపు ఊరికే అణిగిపోయేది. నిజంగా పోయినప్పుడు ఆమె రేడియో ఆపేది కాదు. దాని మీద చెయ్యి వేసి కూర్చునేది. "ఇప్పుడు మీ అన్నకూ ఏమీ వినపడదు," అనేది, ఇద్దరూ ఒక గదిలో ఉన్నట్టు. "ఎందుకు పలకడంలేదో తెలిస్తే చాలు మే, ఎన్నాళ్లయినా కాచుకోవచ్చు," అని కూడా అనేది.

అరవైల నడుమకు వచ్చేసరికి సూర్యుడి మీద మచ్చలు తగ్గిపోయాయి. ఆ ఏడు పెద్ద గాలివాన తర్వాత అన్న ఓడ రేవు చేరలేదు. కబురు కోసం చూస్తున్న ఆ రోజుల్లో కూడా వదిన కాగితం పట్టింది. బింబం కడిగిన పళ్లెంలా ఉంది. రేడియోలో పాటలు స్పష్టంగా వస్తున్నాయి.

"ఒక్క మచ్చ కూడా లేదు మే," అంది నావైపు తిరిగి. "మరి మీ అన్న ఎందుకు పలకడంలే?"

కొన్నాళ్లకు కంపెనీ నుంచి తంతి వచ్చింది. ఓడగానీ మనుషులుగానీ దొరకలేదు. వదిన రేడియో పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. దుర్భిణి పెట్టె అడుగున పెట్టింది. బడి మాత్రం మానలేదు.

అరవైల చివర్లో మచ్చలు మళ్లీ వచ్చాయి. పేపర్లో చదివి బడిపిల్లలు చూపించమని అడిగారట. వదిన ఇవాళ రేపని కొన్నాళ్లు గడిపి, ఒకరోజు దుర్భిణి బయటికి తీసింది. అప్పటికి నేను పెళ్లయి అత్తగారి ఊరు సంగంలో ఉన్నాను, ఆమెను చూడాలని వచ్చి బడికి కూడా వెళ్లాను. వరండాలో ఆడపిల్లలు చుట్టూ మూగారు. ఒకమ్మాయి అడిగింది: "మంట ఎప్పుడు లేస్తాదో ముందే తెలుస్తాదా టీచరమ్మా?"

"మెలిబడతా ఉండాదని తెలుస్తాది," అంది వదిన. "ఎప్పుడు తెగతాదో తెలీదు. ఇంతవరకూ ఎవరికీ తెలీదు."

అంతలో సముద్రపు గాలి విసిరి కాగితం ఎగరగొట్టింది. పిల్లలు కేకలు వేస్తూ దాని వెంట పరుగెత్తారు. వదిన కదల్లేదు. తెల్లచీర కొంగును దుర్భిణి వెనక రెండు చేతులతో చాపి పట్టుకుంది. దాని మీద సూర్యుడు పడ్డాడు, మచ్చలతో సహా. పిల్లలు కాగితం తెచ్చి పక్కన నిలబడ్డారు. ఆమె తల ఎత్తలేదు. బింబం మెల్లగా జరిగి జరిగి కొంగు అంచు దాటేదాకా, వదిన ఆ గుడ్డను అలాగే పట్టుకుని ఉంది.