గోడ అవతలి మగ్గం

నా చిన్నప్పుడు మంగళగిరిలో మా వీధివాళ్ళు ఎవరి మగ్గం ఎప్పుడు ఆగిందో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్ళు. మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అవతల పక్కింటి అక్క నేసేది. పనెంత ఉన్నా పొద్దున్నే నన్ను పిలిచి తల దువ్వి రెండు జడలు వేసేది. నాకు అక్కంటే ప్రాణం. ఆ అక్క మీద మొగుణ్ణి చంపిందని కేసు పెట్టారు.

ఈ మధ్య టీవీలో అలాంటి కేసే ఒకటి నడుస్తోంది. భర్త హత్య, మళ్ళీ విచారణ, సాక్షి మాట నమ్మొచ్చా లేదా అని రోజూ నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. విజయవాడలో మా అపార్టుమెంటు కింద వాకింగ్ చేసేవాళ్ళకీ అదే కబురు. "ఆవిడ కళ్ళు చూస్తేనే తెలిసిపోవట్లేదా అండీ!" అంటారొకరు. ఏం తెలుస్తుందో, వీళ్ళ మొహం! డెబ్బై దాటినదాన్ని, గొడవెందుకని ఒళ్ళు మండినా నోరు మూసుకుని పైకి వచ్చేస్తాను.

అక్క మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వీధి చివర నూలుకు రంగులద్దే షెడ్డులో తల పగిలి చచ్చి పడున్నాడు. అక్కే వెళ్ళి కొట్టిందని అతని అన్నదమ్ములు అన్నారు. ఆ పూట భోజనాల వేళ నుంచి దీపాలు పెట్టేదాకా పక్కింట్లో మగ్గం ఆగలేదనీ, నేసింది ఆ అమ్మాయేననీ మా తాతయ్య కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆ మాట మీదే అక్కను వదిలేశారు. అన్నదమ్ములు ఊరుకోలేదు. పై కోర్టుకు వెళితే ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి విచారించమన్నారు. ఎందుకంటే ఆ రోజు ఆ ఇంట్లో అక్క చెల్లెలు కూడా ఉంది. ఆ పిల్లకీ నేత వచ్చు. గోడ అవతల నేసింది అక్కో చెల్లెలో ఈయనకెలా తెలుసని మొదటిసారి ఎవరూ అడగలేదు.

ఇక చూసుకోండి, వీధి రెండు ముక్కలైంది. టీకొట్టు దగ్గర సగం మంది తాతయ్య చెవి తప్పదంటే, మిగతా సగం ముసలాడికి చెముడన్నారు. తాతయ్య నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఐదో రోజు నన్ను పిలిచి పలకా బలపం తెమ్మన్నాడు.

అక్క అప్పుడు బెయిలు మీద ఇంట్లోనే ఉంది. అక్కా చెల్లెలూ తమకు తోచిన వరసలో కాసేపు ఒకరు, కాసేపు ఒకరు నేయాలని తాతయ్య ముందే వెళ్ళి చెప్పి వచ్చాడు. ఆయన మా అరుగు మీద గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఎవరో చెబుతాడు. అరుగు చివర నిలబడితే వాళ్ళ గుమ్మంలోంచి మగ్గం కనిపించేది. కాబట్టి నేను చూసి, ఒప్పయితే టిక్కు, తప్పయితే ఇంటూ పెట్టాలి. అలా పదిసార్లు. మూడోసారే తాతయ్య తప్పు చెప్పాడు. లోపలి నుంచి అక్క నా మొహం వైపే చూస్తోంది. నేను టిక్కు పెట్టేశాను. ఆ తర్వాత కూడా అంతే. తాతయ్య పలక అందుకుని పది టిక్కుల వంకా చాలాసేపు చూశాడు.

మర్నాడు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి తలకు కండువా చుట్టుకున్నాడు. "కునుకు పడుతుందేమోనే. మగ్గం మొదలైనప్పుడల్లా నా భుజం తట్టు" అన్నాడు. తట్టాను. ఆయన చెప్పాడు. మళ్ళీ పదికి పది. అప్పుడు కండువా విప్పి, రెండు చెవుల్లోంచీ దూది ఉండలు తీసి నా అరచేతిలో పెట్టాడు.

ఆయనకు ఒక్క చప్పుడూ వినపడలేదు. నోటికొచ్చిన పేరు చెప్పాడు, అంతే. సిగ్గుతో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వీపు చీరేస్తాడనుకున్నాను. కొట్టలేదు, దగ్గరికి లాక్కున్నాడు. "అది నాకూ కూతురులాంటిదేనే. నువ్వు పలక మీద చేసినట్టే నేను కోర్టులో చేశానేమోనని భయంగా ఉంది" అన్నాడు. ఆ సాయంత్రం పలక నానమ్మకిచ్చి మళ్ళీ పరీక్ష పెట్టుకున్నాడు. నానమ్మ దగ్గర ఇలాంటి వేషాలు సాగవు. పదిలో నాలుగు తప్పులు వచ్చాయి.

రెండోసారి బోనెక్కి, మగ్గం చప్పుడు విన్నాననీ, నేసింది ఎవరో మాత్రం చెప్పలేననీ తాతయ్య అన్నాడు. అక్కే నేసిందని చెల్లెలు చెప్పినా, సొంతవాళ్ళ మాటని కోర్టు నమ్మలేదు. అక్కకు యావజ్జీవం పడింది. తీర్పు రోజున నానమ్మ చెయ్యి పట్టుకుని నేనూ కోర్టు వరండాలో ఉన్నాను. పోలీసుల మధ్య నడుస్తూ అక్క మా ముందు ఆగింది.

"పెదనాన్నా, నేసింది నేనే. మీకు తెలుసుగా!"

"నువ్వేనని నా నమ్మకం తల్లీ. కానీ నాకు వినపడింది మగ్గమే."

"ఆ నమ్మకమే చెబితే ఏం పోయేదండీ మీకు?"

అక్కను తీసుకెళ్ళిపోయారు. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు మాతో మాట్లాడటం మానేశారు. తాతయ్య అక్కను చూడటానికి మూడుసార్లు జైలుకు వెళ్ళాడు. మూడుసార్లూ అక్క కలవనంది. నాలుగో ఏడు జబ్బు చేసి అక్కడే పోయింది. ఆ కబురు విన్నాక తాతయ్య రెండు రోజులు మంచం దిగలేదు.

అక్క చంపిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఒక్క మాట అబద్ధమాడి ఉంటే అక్క బతికేది కదా అని ఆయన మీద ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్నానో! ఆయన పోయాక కూడా అది పూర్తిగా పోలేదు. అయినా ఇవాళ నన్ను ఆ బోనులో నిలబెడితే నేనూ ఆయన చెప్పిందే చెబుతాను. చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తాను.