మేడమ్ సీసలకు నేను బొట్టు పెట్టిన రోజు

మా మేడమ్ పోయిందని మొన్న గద్వాల బస్టాండుల తెలిసింది. ఆమె తాన చదివిన కండక్టరు చెప్పిండు. ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండ అట్లనే కూసున్న. నేను చదివింది మూడో తరగతి. రాతల తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి.

వనపర్తిల ఒక కాలేజీల ఆమె జంతుశాస్త్రం చెప్పేది. నేను ఆమె ల్యాబుల అటెండర్ని. పెద్ద పెద్దోళ్లకే తల వంచనోణ్ని, ఆమెకు మాత్రం భయపడుతుంటి. ఆమె అరిచేది కాదు. తప్పు చేస్తే "ఎందుకు చేసినవ్ అన్నా?" అని అడిగి, జవాబు చెప్పేదాక కదిలేది కాదు.

ఆమె పరీక్షలకు పొట్టేలు బీజాలు తెచ్చుడు నా పని. కటికాయన రోజూ ఒకటే ఎకసెక్కం: "ఏం మామా, మల్ల బీజాలేనా? రెండో పెండ్లి గిట్ల చేస్కుంటున్నవా?"

"నీకే చేస్త, ముందు కత్తి నూరు" అంటుంటి.

మేడమ్‌కు చెప్తే నవ్వింది. "పిల్లలు కాకుంటే ఆడదాన్నే గొడ్రాలంటరు అన్నా. మొగోని తాన ఏడ తప్పుతుందో చూడొద్దా?"

అందుకే కుందేలుకు సూదులిచ్చి, దాని రక్తంలకెల్లి యాంటీబాడీ తీసింది. బీజకణాలల్ల ఉండే ఒక ఎంజైమును అది వెతికి పట్టుకుంటదట. ఆర్నెల్ల కష్టం. కుందేలు చచ్చిపోయింది. ఫ్రిజ్‌ల మిగిలినయి ఆ మందు ఉన్న చిటికెన వేలంత సీసలు మూడే.

మాది మగ్గాల ఇల్లు. దసరాకు మగ్గం కడిగి బొట్టు పెట్టనిది నూలు ముట్టం. ఆ దసరాకు ల్యాబుల గూడ అట్లనే చేసిన. ఆమె ఊర్ల లేదు. ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగిన. మైక్రోస్కోపుకు, ఆఖరుకు ఆ సీసలకు గూడ పసుపు, కుంకుమ పెట్టి, కిటికీ కాడ వరుసగ నిలబెట్టి కొబ్బరికాయ కొట్టిన. మధ్యాన్నం దాటినంక లోపల సర్దిన.

తెల్లారి ఆమె బొట్లు చూసింది. మొఖం తెల్లబడ్డది.

"ఎంతసేపు బయట ఉన్నయి?"

"పొద్దటికెల్లి, మేడమ్."

"ఎండ పడ్డదా?"

అబద్ధమాడుదామనుకున్న. నాలుక తిరగలే. "పడ్డది."

తిట్టలే. తిట్టినా బాగుండు. "భయమైతే కానియ్యి, చేతులు ఆగొద్దు అన్నా. గాజుపలకలు కడుగు, పరీక్ష చేద్దాం" అన్నది.

చల్లదనం తప్పితే మందు చస్తదట. బతికుంటే గాజుపలక మీది పొట్టేలు కణాలు గోధుమరంగు తేలుతయి. చస్తే తెల్లగనే ఉంటయి. సాయంత్రం దాక ఆగాలె. నౌకరి పోతదని కాదు నా భయం. నా భక్తి ఒక మనిషి కష్టాన్ని చంపిందేమోనని. బీచుపల్లి ఆంజనేయునికి మొక్కుకున్న, కానీ పూజ చేసే కదా గింత పని చేసిననని ఆ మొక్కుకు గూడ భయపడ్డ.

పొద్దుగూకే యాళ్లకు పిలిచింది. "రా అన్నా. ముందుగాల నువ్వే చూడు. నాకు ధైర్యం చాలుతలేదు."

ఏడేండ్లు ఆ మైక్రోస్కోపు దుమ్ము తుడిచిన, ఎన్నడూ కన్ను పెట్టలే. పెట్టిన. మొదలు అంతా మసక. ఆమె చెప్పినట్లు మర తిప్పిన. గుండ్రటి గూళ్లు కనబడ్డయి, గూళ్ల లోపల చుక్కలు.

"ఏం రంగు?" వెనకకెల్లి ఆమె గొంతు.

"గోధుమరంగు, మేడమ్."

వెనకకు తిరిగి చూసిన. కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకొని, అటు తిరిగి నిలబడ్డది. చెమటకు ఆమె వీపంతా తడిసి ఉండె.