తుహామీ ఇంట్లో అధ్యక్షుడి మేకు

మా పక్కింటి తుహామీ అన్నకు స్ఫాక్స్ పట్నం దారిలో నలభై ఆలివ్ చెట్లున్నాయి. దేశానికో అధ్యక్షుడున్నాడు. చెట్లను అన్న ఏడాదికోసారి పట్టించుకుంటాడు, అధ్యక్షుణ్ణి రోజూ మూడు కాఫీలు తాగేంతసేపు పట్టించుకుంటాడు.

ఏం జరిగినా అన్నకు కారణం ఆ అధ్యక్షుడొక్కడే. వాన పడితే "మగాడంటే ఈయన!" పడకపోతే "వీడి పాదం మంచిది కాదు!" ఇంటి ముందుగదిలో దీనికోసమే ఒక మేకు ఉంది. కాపు బాగుంటే అధ్యక్షుడి ఫోటో దానికి వేలాడుతుంది, లేకపోతే మంచం కిందికి పోతుంది. నాకు తెలిసి ఆ మేకు నలుగురు అధ్యక్షుల్ని మోసింది. వాళ్ళేదో సుద్దపూసలని నేననను. పంచదార దొరకనప్పుడు, కుళాయి ఎండినప్పుడు నేనూ నోరారా తిట్టాను, రేపూ తిడతాను. కానీ తిట్టడానికీ ఒక లెక్క ఉండాలి కదా.

మా వైపు ఆలివ్ కాయల్ని కొట్టరు. వేళ్ళకు మేకకొమ్ము తొడుగులు వేసుకుని, నిచ్చెనెక్కి, జుట్టు దువ్వినట్టు కొమ్మను దువ్వుతారు. కాయ రాలుతుంది, రెమ్మ మిగులుతుంది. వచ్చే ఏడు కాసేది ఆ రెమ్మే.

పోయినేడు చెట్లు విరగకాశాయి. ఫోటో మేకెక్కింది. అవి ఎన్నికల రోజులు, కాఫీకొట్లో వాదన మంచి జోరు మీదుంది. కొమ్ములతో కోస్తే మూడు వారాలు పడుతుంది. తుహామీ అన్న పొడుగాటి కర్ర తీసుకుని నాలుగు రోజుల్లో నలభై చెట్లూ బాదేశాడు.

"అన్నా, రెమ్మలు విరుగుతున్నాయి" అన్నాను.

"నువ్వు రెమ్మలు చూసుకోరా, నేను దేశాన్ని చూసుకుంటా" అన్నాడు.

ఈ ఏడు ఆయన చెట్లు బోసిపోయాయి. ఫోటో మంచం కిందికి పోయింది. "ఒక్కడు, ఒకే ఒక్కడు నా నలభై చెట్లను గొడ్డు చేశాడు!" అని కాఫీకొట్టు దద్దరిల్లేలా తిట్టాడు.

మా ఊళ్ళో నూనె కొనుక్కోవడమంటే తలవంపులు. తుహామీ అన్న భార్య మన్నూబియా వదిన కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయింది, సీసా నూనె ఆ గడప తొక్కలేదు. మొన్న ఆవిడ జాడీ అడుగు గీకి, ఖాళీ గిన్నె కొంగు కింద దాచుకుని మా ఇంటికి వచ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. వదిన మా పెరట్లో ఆరబోసిన కాయల్ని చాలాసేపు చూసింది.

"ఏమయ్యా, మీ అధ్యక్షుడెవరు?"

"అదేంటి వదినా, మీ అధ్యక్షుడే."

"మరి ఈ కాయలెక్కడివి?"

"కొమ్ములతో కోశాను" అన్నాను తల దించుకుని.

గిన్నె చాలదని నేను ఒక కూజా నూనె వాళ్ళింటికి మోసుకెళ్ళాను. వదిన భోజనానికి ఉండమంది, ఉన్నాను. తుహామీ అన్న కాఫీకొట్టు నుంచి వచ్చి, కూర్చుని, రొట్టె ముక్క నూనెలో ముంచాడు.

"అబ్బ! ఎక్కడిదే ఈ నూనె?"

"పక్కింటిది. వాళ్ళకు మంచి అధ్యక్షుడు దొరికాడట."

ఏదో అనబోయి ఆయన తలెత్తాడు. ఎదురుగా ఫోటో ఉండే మేకుకు, తాడు కట్టి, చెట్లను బాదిన ఆయన కర్రే వేలాడుతోంది.

"తిట్టు" అంది వదిన. "రోజూ తిడతావుగా, ఇప్పుడూ కానియ్."

తుహామీ అన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.