లాడాల చాచా తెచ్చిన చీర

నా చిన్నప్పుడు మా ఇల్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు పోయే దారి పక్కనే ఉండేది. క్రషింగ్ మొదలైందంటే తెల్లారకముందే బండ్ల బారు. డాంబరు రోడ్డు మీద ఎడ్ల గిట్టలు అరిగిపోకుండా లాడాలు కొట్టే చాచా మా పక్కింట్లోనే ఉండేవాడు. ఎద్దును పడుకోబెట్టి కాళ్ళు కట్టి మేకులు దిగగొడుతుంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. దానికి నొప్పి తెలియదని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు.

ఆ యేడే మా అక్క తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. మనిషి తెల్లగా పాలిపోయి ఉండేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎవరూ చూడకుండా పొయ్యి గడ్డ మట్టి గోకి తినేది. అది కంటబడితే ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నదానికి మట్టి మీద మనసు పోతుందని. ముఖం తెల్లబడితే రంగు తేలిందని మురిసిపోయారు. పైగా బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని తిండి తగ్గించారు. ప్రేమతోనే తగ్గించారు. ఆ ప్రేమను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ చనిపోయి పుట్టింది. అక్కకు నెత్తురు ఆగలేదు. మంత్రసాని చేతులెత్తేస్తే, చాచా రోడ్డుకు అడ్డం నిలబడి, చెరకు దింపి వస్తున్న లారీని ఆపి మమ్మల్ని నిజామాబాద్ ఆసుపత్రికి చేర్చాడు. బయల్దేరేముందే జక్రాన్‌పల్లిలో ఉన్న బావకు కబురు పంపింది కూడా ఆయనే.

డాక్టరమ్మ అక్క కనురెప్పను కిందికి లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు, తెల్ల కాగితంలా ఉంది. ఇన్ని నెలలూ ఇది ఎవరూ చూడలేదా అని అడిగింది. వెంటనే నెత్తురు ఎక్కించాలి, మీలో ఎవరైనా ఇవ్వండి అంది. అమ్మదీ బాపుదీ సరిపడలేదు. అప్పుడే వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చిన బావది సరిపడింది. అమ్మ కొంగు కళ్ళకద్దుకుని కనబడని దేవుళ్ళందరికీ దండాలు పెట్టింది.

బావ చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే వాళ్ళమ్మ పట్టుకుని ఆపింది.

"ఆలికి మొగని నెత్తురు ఎక్కిస్తరా బిడ్డా? నెత్తురు కలిస్తె తోడబుట్టినట్టే. రేపు అది నీకు చెల్లె అయితది. ఎట్ల కాపురం జేస్తవు?"

డాక్టరమ్మ అలాంటిదేమీ కాదని చెప్పింది, బతిమాలింది, చివరికి కోప్పడింది. బాపు తలరుమాలు తీసి అల్లుడి కాళ్ళ దగ్గర పెట్టాడు. బావ నేల చూపులు చూస్తూ, "అమ్మ ఒప్పుకుంటె ఇస్త" అన్నాడు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. మాటల్లోనే పొద్దు పడమటికి వాలింది. చావు ముంచుకొస్తుంటే కాపురం గురించి వాదించుకున్న మనుషులను నేను మళ్ళీ చూడలేదు.

సొంతవాళ్ళ మాటల్లోకి తను రాకూడదని చాచా గేటు దగ్గరే కూర్చున్నాడు. లోపల నెత్తురు ఎక్కుతూనే ఉందనుకుంటున్నాడు పాపం. నేను ఏడుస్తూ వెళ్ళి జరిగింది చెప్పాను. బీడీ పారేసి లోపలికి పోయి డాక్టరమ్మ ముందు చెయ్యి చాపాడు. ఆయనది సరిపడింది. ఆ ఎర్ర సీసా అక్క తల పక్కన వేలాడుతుంటే నేను రెప్ప వేయకుండా చూశాను. సీసా సగమైనా ఖాళీ కాలేదు, దీపాల వేళకు అక్క పోయింది. ఆలస్యమైందని మాత్రం అంది డాక్టరమ్మ.

మాలో పెళ్ళయిన ఆడపిల్ల పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచి తోడబుట్టిన అన్నో తమ్ముడో తేవాలి. మాకు అన్నదమ్ములు లేరు. చీర ఎవరు తెస్తారని మర్నాడు అందరూ ముఖాలు చూసుకుంటుంటే చాచా వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. తిన్నగా బావ వాళ్ళమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు.

"నెత్తురు కలిస్తె తోడబుట్టినట్టేనని మీరే అన్నరు గద అవ్వా. నాది ఎక్కింది. చెల్లెకు చీర తెచ్చిన."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆవిడ తిరిగి ఏదో ఒకటి అనేదేమో. చీర అందుకుని అక్క మీద కప్పింది. బావ గోడ వైపు తిరిగాడు. ఏడాది తిరగకుండానే ఆయనకు మళ్ళీ పెళ్ళయింది.

ఆ రోజు నుంచి నేను ఆయన్ను చాచా అనడం మానేశాను. ఆయన బతికున్నన్నాళ్ళూ అన్నా అనే పిలిచాను. పిలిచిన ప్రతిసారీ అక్క గుర్తొచ్చేది, అయినా మానలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నా, వద్దన్నా వినకుండా దగ్గరికి పిలిచి కనురెప్ప కిందికి లాగి చూస్తాను. కోడళ్ళు చాటుగా నవ్వుకుంటారు, అత్తమ్మకు కళ్ళ పిచ్చి అని. నవ్వనీ. ఎరుపు కనబడినా నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. అక్క రెప్ప కింద చూసిన ఆ తెలుపు నా కళ్ళలోంచి ఇంకా పోలేదు.