మందునీళ్ల తడి అడుగులు

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంతవరకు ఏదీ రాసి ఎరుగను. తప్పులు చాలా పోతాయి... కోపం చేసుకోవద్దు. కానీ రాసిందంతా నిజం. నా బిడ్డల మీద ఒట్టు.

మాది పెనుకొండ పక్కన పల్లె. పెన్సిలిన్ సూది పడితే చావు కూడా వెనక్కి పోతుందని అనుకునే రోజులవి. దున్నుతుంటే మా ఆయన కాలికి నాగలి కర్రు దిగింది. చీము పట్టి తొడ దాకా వాచింది. హిందూపురం ఆసుపత్రిలో చేర్చాం. సూది మీద సూది వేశారు. జ్వరం దిగలేదు. చివరికి నన్ను కూడా గుర్తుపట్టలేదు...

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"పుండులో క్రిములు పెన్సిలిన్‌కు అలవాటు పడిపోయినాయమ్మా. లొంగడం లేదు. సాయంత్రం రైలుకు బెంగళూరు నుంచి వేరే మందు వస్తుంది. అది వేసినాక ఈ రాత్రి గడవాల."

పుండు ఇంకొకరికి అంటకూడదని ఆయన్ను చివరి గదిలో ఒంటరిగా పెట్టారు. గడప పక్కన నేల మీద బేసిన్‌లో ఘాటు వాసన మందునీళ్లు. మనిషిని ముట్టే ముందు అందులో చేతులు కడుక్కోవాలి. మధ్యాహ్నం మా చిన్నమామ ఊరి నుంచి వచ్చాడు. వచ్చీరాగానే రెండు కాళ్లూ బేసిన్‌లో పెట్టాడు.

"ఏమప్పా, అది చేతులకు," అంది డ్యూటీలో ఉన్న నర్సమ్మ.

"బయట తిరిగొచ్చి కాళ్లు కడగకుండా మనిషిని ఎట్ల చూసేది తల్లీ?"

"బాగుండాది. ఇంగ స్నానం కూడా చేస్తావా?"

నవ్వుతూనే నీళ్లు పారబోసి మళ్లీ కలిపింది. సాయంత్రం మామ ఊరికి వెళ్లిపోయాడు. కొత్త మందు వచ్చింది, వేశారు. రాత్రి నర్సమ్మ కాన్పు కేసుకు పోయింది. నేనొక్కదాన్నే మిగిలాను. ఆయన ఊపిరి... గర్ గర్ మని. ఆగుతుంది. మళ్లీ వస్తుంది.

అప్పుడు వినిపించింది.

చలప్... చలప్...

బేసిన్‌లో నీళ్లు. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. తర్వాత నేల మీద మెత్తగా... తప్... తప్... మంచం దాకా వచ్చి ఆగింది. మందు వాసన గుప్పుమంది.

ఆయన కళ్లు మూసుకునే అన్నాడు.

"అమ్మా... చేయి తీయొద్దు. చల్లగా ఉండాది."

మా అత్త ఆయన పాకే వయసులోనే పోయింది.

ఎంతసేపటికో తల తిప్పాను. ఎవరూ లేరు. గడప నుంచి మంచం దాకా తడి అడుగులు. చిన్నవి. వట్టి కాళ్లవి. వెనక్కి పోయినవి లేవు... ఆ తడిని తుడవడానికి చేయి రాలేదు. నా కళ్ల ముందే మెల్లగా ఆరిపోయింది.

తెల్లారేసరికి ఆయన నుదుటికి చెమట పట్టింది. నీళ్లడిగాడు. కొత్త మందు పనిచేసిందన్నాడు డాక్టరు. అయ్యుంటుంది. నర్సమ్మను అడిగాను. కాన్పు దగ్గర నుంచి కదల్లేదంది. పైగా ఆమెకు బూట్లు.

ఇంటికొచ్చాక ఆయనకు చెప్పాను. తనకేమీ గుర్తు లేదన్నాడు. తర్వాత తనే అడిగాడు.

"ముఖం చూసినావా? ఎట్లుండె?"

మా అత్తకు ఫోటో లేదు. తల్లి ముఖం ఆయనకు తెలియదు.

"అడుగులే చూసినా," అన్నాను.

"ఎంతుండె?"

నా అరచేయంత ఉన్నాయని చేయి చాపి చూపించాను. ఆయన నా అరచేతిని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

అది అత్తో, ఇంకెవరో, నిద్రలేని నా కళ్లో... ఇప్పటికీ తెలియదు. నాకు వచ్చినట్టు రాశాను. తప్పులుంటే మీ ఇంటి ఆడబిడ్డ రాసిందనుకుని మన్నించండి.