సెంటర్ నంబరు

పాతపట్నం బస్టాండు ఎదుట నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే పది నిమిషాలు కీచుమని అరిచి ఆగిపోయే యూపీఎస్, గోడ మీద నా చేత్తో రాసి అంటించిన కాగితం: ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.’ ఆ కాగితం ఇప్పటికీ ఉంది. చింపేద్దామని ఎన్నోసార్లు లేచాను. చింపితే ఏం రాసి పెట్టాలో తెలియక మళ్లీ కూర్చున్నాను.

ఈ సెంటర్ పెట్టక ముందు ఎంసీఏ చదివి, హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లు టెస్టరుగా చేశాను. టెస్టరంటే ఏమిటో మా అయ్యకి చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరో రాసిన ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తే ‘పాస్’ అని, లేకపోతే ‘ఫెయిల్’ అని రాయడమే ఉద్యోగమంటే ఆయన నమ్మలేదు. ఆయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. మందు పనిచేసిందో లేదో రోగిని చూడకుండా ఎలా చెప్తారే అని అడిగాడు. అప్పుడు నవ్వాను.

ఆ రెండేళ్లలో ఒక సాయంత్రం బాగా గుర్తుంది. ఫోను నంబరు మార్చుకునే తెర ఒకటి నా వంతుకొచ్చింది. నంబరు మార్చుకోవాలంటే పాత నంబరుకి వచ్చిన కోడ్ కొట్టాలి. పాత నంబరు పోయింది కాబట్టే కదా మారుస్తారు, పోయిన నంబరుకి కోడ్ పంపితే ఎలా అని టీమ్ లీడర్‌ని అడిగాను. అది సెక్యూరిటీ అన్నాడు. అలాంటివాళ్లు ఎందరుంటారు, ఉంటే ఆఫీసుకి ఫోన్ చేసుకుంటారు అన్నాడు. ఆ రోజు పరీక్షించాల్సిన నా జాబితా అప్పటికి సగం కూడా కాలేదు. నా ఫోనుతోనే ప్రయత్నించి చూశాను. కోడ్ వచ్చింది, నంబరు మారింది. ‘పాస్’ అని రాసి తరవాతి దానికి వెళ్లిపోయాను.

ప్రాజెక్టు అయిపోయి మా బృందం మొత్తాన్ని ఇంటికి పంపించేశాక వచ్చి ఈ సెంటర్ పెట్టుకున్నాను. అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. కార్డులకి, కనెక్షన్లకి, పరీక్షలకి అన్నింటికీ ఆన్‌లైన్ అప్లికేషన్లు మొదలైన రోజులవి. ఒడిశా వైపు కొండ కింది ఊళ్లనుంచి జనం ఉదయం బస్సుకే దిగేవారు. ప్రతి ఫారంలోనూ మొబైల్ నంబరు అని ఒక గడి, దాని పక్కన ఎర్ర చుక్క. ఆ గడి నింపకపోతే ముందుకు కదలదు. వచ్చినవాళ్లలో సగం మందికి ఫోను లేదు. ఉన్నవాళ్లు కూడా ఏ ఆఫరు వస్తే ఆ సిమ్ వేసుకునేవారు.

అందుకని నా నంబరు వేశాను. మొదట ఒక ముసలాయనకి, తరవాత చర్చిలో నా పక్క బెంచీ ఆమెకి, ఆ తరవాత అడిగిన అందరికీ. ఆ పనికోసమే వేరే సిమ్ ఒకటి కొని పాత బటన్ల ఫోనులో వేసి సొరుగులో పెట్టాను. జనం దాన్ని సెంటర్ నంబరు అనేవారు. పక్క ఊళ్లలో కూడా ‘సెంటర్ నంబరు ఎయ్యించుకున్నావా’ అని ఒకరినొకరు అడిగేవారు. మా అయ్య ఆస్పత్రి వరండాలో జనానికి ఉత్తరాలు చదివి పెట్టేవాడు. సంతకి వచ్చినవాళ్లు నా దగ్గర ఆగి, నా మెసేజి ఏదైనా ఒచ్చిందేటి అని అడిగేవారు. నేను చిన్న కాగితం ముక్క మీద తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. అయ్య చేసిన పనే నేనూ చేస్తున్నానని గర్వంగా ఉండేది. ఎవరెవరికి ఆ నంబరు వేశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రెండేళ్లు టెస్టింగ్ చేసిన మనిషిని, జాబితాలతోనే బతికిన మనిషిని, ఆ ఒక్క జాబితా రాయలేదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాడి ఊహలో ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషికి సొంత ఫోను, అందులో ఛార్జింగు, ఇంట్లో సిగ్నలు, చేతిలో ఖాళీ సమయం ఉంటాయి. పెంచుకున్న మొదటి కుక్క పేరేమిటని సెక్యూరిటీ ప్రశ్న అడిగితే ఠక్కున చెప్తాడు. మావాళ్లు కుక్కకి అన్నం పెడతారు గానీ పేరు పెట్టరు. తొమ్మిది బొమ్మల్లో ఫైర్ హైడ్రంట్ ఉన్నవి నొక్కి నువ్వు మనిషివని రుజువు చేసుకో అంటుంది వెబ్‌సైటు. వీధిలో మంటలార్పే నీళ్ల కుళాయట అది, నేను కూడా కళ్లతో చూడలేదు. పాస్‌వర్డులో పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలంటారు, మూడు నెలలకోసారి మార్చమంటారు. దాంతో మా మండలంలో సగం మందికి పేరు, పక్కన ఒక గుర్తు, ఆపైన ఒకటి రెండు మూడు, అదే పాస్‌వర్డు అయింది. దొంగకి ఇంతకంటే సుళువైన పని ఉంటుందా? వాళ్ల ఊహలోని ఆ మనిషి కోసం మా సెంటర్ తలుపు ఇన్నేళ్లు తీసి ఉంచాను. ఒక్కనాడూ రాలేదు.

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకి ఆ సిమ్ కంపెనీ మూతపడింది. నంబరు పోకుండా వేరే కంపెనీకి మార్చుకోమని ముందే మెసేజిలు పంపారట. పంపారు, నిజమే. సొరుగులోని ఆ ఫోనుకే పంపారు. రోజంతా గ్యాస్ బండలు, పరీక్ష ఫలితాలు, లాటరీ మోసాలు వచ్చి పడే ఆ ఫోనులో ఇంగ్లీషు మెసేజి చదవడం నేనెప్పుడో మానేశాను. ఎవరైనా వచ్చి అడిగితేనే తీసి చూసేదాన్ని. ఒక సోమవారం తీసి చూస్తే సిగ్నలు లేదు. ఛార్జింగు పెట్టాను, సిమ్ తుడిచాను, మేడ ఎక్కాను. సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది.

కనబడినవాళ్లందరికీ చెప్పాను. చర్చిలో పాస్టరుగారి చేత ప్రకటన చేయించాను. కొందరు వచ్చారు, కాళ్లరిగేలా తిరిగి కొందరి నంబర్లు మార్పించాను. చాలా చోట్ల పాత నంబరుకి కోడ్ పంపించాం, కొట్టండి అనే తెరే ఎదురైంది. ఆ తెరని చూసినప్పుడల్లా నా ఒళ్లు మండేది, ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చేది. రాసింది మా కంపెనీ కాకపోవచ్చు. కానీ అలాంటి తెరకి పాస్ రాసిన చెయ్యి నాది.

ఆ తరవాత ఏడాది, వర్షాలు మొదలయ్యాక, ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి నాకు చర్చిలో పరిచయం, కూలి పని చేస్తుంది, మనిషి మాట తక్కువ. పిల్ల ఇంటర్ పాసైంది. నర్సింగు సీట్లకి ఆన్‌లైన్ కౌన్సెలింగు నడుస్తోంది. పిల్లకి వచ్చిన ర్యాంకుకి శ్రీకాకుళంలోనే ప్రభుత్వ సీటు వచ్చేలా ఉంది. అది రాకపోతే ఇంకో దారి లేదని తల్లి ముందే చెప్పింది. పిల్ల కాలేజీల పేర్లు వరసగా ఒక నోటు పుస్తకంలో రాసుకొచ్చింది, ప్రతి పేరు కింద స్కేలుతో గీత గీసింది. దానికి నర్సు అవ్వాలని ఎందుకో అడిగాను. వాళ్ల నాన్నమ్మ మంచాన పడ్డప్పుడు ఊళ్లోకి వచ్చే ఏఎన్ఎం పుండు కడుగుతుంటే తను గిన్నె పట్టుకుని నిలబడేదట, అసయ్యం ఎయ్యలేదప్పా అంది. మావైపు అప్ప అంటే అక్క, పిల్ల నన్నలాగే పిలిచేది. అంతే చెప్పింది.

మొదటి రెండు రోజులు వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఎంతమంది వస్తారో ముందే తెలిసిన పనికి కూడా సర్వరు ఎందుకు కూలబడుతుందో ఎవరూ ఎవరినీ అడగరు. పేజీ మళ్లీ తెరుచుకుంటుందేమోనని మేము ఎఫ్5 నొక్కుతూ కూర్చున్నాం. తల్లీ కూతుళ్లు రోజూ ఉదయం బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లారు. మూడో రోజే ఆఖరి రోజు, సాయంత్రం అయిదు గడువు. మధ్యాహ్నం మూడున్నరకి తెరుచుకుంది. పాస్‌వర్డు పనిచేసింది. పిల్ల చదువుతుంటే కాలేజీలన్నీ వరసగా పెట్టాను. చివర ‘ఖరారు చేయండి’ అన్న బటన్ నొక్కాను.

మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపించాం అని వచ్చింది. నంబరు మొత్తం చుక్కలు పెట్టి చివరి రెండంకెలు చూపించింది. ఆ రెండంకెలు సెంటర్ నంబరువి.

పిల్ల పదో తరగతి పరీక్ష ఫారం నింపింది నేనే. అప్పుడు వేసిన సెంటర్ నంబరు అక్కడనుంచి ఇంటర్‌కి, ఇంటర్ నుంచి ఇక్కడికి ఎవరూ అడక్కుండా నడిచొచ్చింది. కౌన్సెలింగుకి దరఖాస్తు నింపిన రోజు ఆ గడి ముందే నిండి ఉంది, నేను కూడా చూడకుండా కిందికి దించేశాను.

హెల్ప్‌లైన్‌కి చేశాను. మీ కాల్ మాకు ముఖ్యమని పాట వినిపించింది. నాలుగు దాటాక ఒక అమ్మాయి పలికింది. నంబరు మార్పించాలంటే విశాఖపట్నం సెంటర్‌కి అభ్యర్థి స్వయంగా, గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో రావాలంది. బస్సులో అయిదారు గంటల ప్రయాణం, చేతిలో ఉన్నది గంట కూడా కాదు. ఆ సంగతి చెప్తే అర్థమవుతోంది మేడమ్ అంది. నిజంగానే అర్థమైనట్టు ఉంది ఆ గొంతు. చేయడానికి ఆమె ముందున్న తెరలో కూడా ఏ బటనూ లేదు.

పోయిన నంబర్లని కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తారని గుర్తొచ్చి, పాత సెంటర్ నంబరుకి నేనే ఫోన్ చేశాను. మోగింది. ఎక్కడో ఉత్తరాదిలో ఒకాయన ఎత్తాడు. హైదరాబాదులో నేర్చుకున్న నా హిందీ అంతా కూడగట్టుకుని మొత్తం కథ చెప్పాను. ఇప్పుడే మీకొక ఆరంకెల మెసేజి వచ్చింది, ఒక ఆడపిల్ల చదువది, దయచేసి చదవండి అన్నాను. ఆయన కోప్పడలేదు. ఈ నంబరు తీసుకున్న దగ్గరనుంచి అర్థంకాని భాషలో ఎవరెవరివో మెసేజిలు వస్తూనే ఉన్నాయన్నాడు. తరవాత మర్యాదగా, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు చెప్పారమ్మా, మీలాంటి ఫోన్లు మా తమ్ముడికి కూడా వచ్చాయి అన్నాడు.

పిల్ల నా చేతిలోంచి ఫోను తీసుకుంది. దానికి హిందీ రాదు. "అన్నా, నాను దొంగని కాదన్నా" అంది.

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే మోగలేదు, నా ఫోనునుంచి కూడా, తల్లి ఫోనునుంచి కూడా. అయిదింటికి తెర దానంతటదే మొదటి పేజీకి వెళ్లిపోయింది. సెషన్ ముగిసింది, ధన్యవాదాలు అని ఉంది.

ఆయన చేసింది తప్పంటే నా నోరు పడిపోతుంది. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. నా గోడ మీద రాసి పెట్టింది అదే కదా. హెల్ప్‌లైన్ అమ్మాయి నిబంధన ప్రకారమే చెప్పింది. కోడ్ పంపిన ప్రోగ్రాము పంపాల్సిన నంబరుకే పంపింది. ఆ రోజు ప్రతి గడినీ పరీక్షకి పెట్టి చూసినా అన్నింటికీ పాసే వస్తుంది. ఇది తలుచుకున్నప్పుడే నాకు ఈ పని మీద, ఈ చదువు మీద ఉన్న ఆశ చచ్చిపోయింది. చెడిపోయినదాన్ని బాగుచేయొచ్చు. అన్నీ సరిగ్గా పనిచేసి ఒక పిల్ల బతుకు పోతే దేన్ని పట్టుకుని బాగుచేయాలి?

తల్లి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నంబరు నాదని, తప్పు నాదని చెప్పాను. ఆమె నోటు పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, "నువ్వేటి సేస్తావమ్మా, సర్వరు అలగ సేసినాది" అంది. మావాళ్లకి జరిగిన చెడంతా సర్వరు ఖాతాలోకే పోతుంది. చర్చిలో సర్వరు కోసం ప్రార్థన చేసినవాళ్లు కూడా ఉన్నారు. నేనూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.

విన్నపాలు రాసి పంపాను. ‘మీ ఫిర్యాదు స్వీకరించబడింది’ అని ఒక సంఖ్య వచ్చింది. కొన్నాళ్లకి అదే సంఖ్యతో ‘పరిష్కరించబడింది’ అని వచ్చింది. ఏం పరిష్కరించారో అడగడానికి చోటు లేదు. సీట్లు నిండిపోయాయి. పిల్ల ఆ చలికాలంలో ఊరి ఆడపిల్లలతో కలిసి తమిళనాడులో బట్టల మిల్లుకి పోయింది. వెళ్లే రోజు బస్టాండులో నాకు కనబడింది. నా సెంటర్ వైపు చూసింది గానీ లోపలికి రాలేదు. నేనూ బయటికి వెళ్లలేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

మరుసటి ఏడాది తల్లి మళ్లీ వచ్చింది. చిన్నకూతురు పదో తరగతికి వచ్చింది, పరీక్ష ఫారం నింపాలి. పేరు కొట్టాను, పుట్టిన తేదీ కొట్టాను. ఎర్ర చుక్క గడి వచ్చింది. నంబరు చెప్పమన్నాను.

"నీదే ఎయ్యమ్మా" అంది.

వద్దన్నాను, అరిచినంత పని చేశాను. మీ ఫోను ఏమైందంటే, అది పాడై మూలన పడిందంది. మీ పెద్దమ్మాయి నంబరు ఇవ్వు, దానికి ఇప్పుడు ఫోనుంది కదా అన్నాను.

"దానికుంది గానీ, పనిలో ఉన్నంతసేపూ దగ్గర ఉండనివ్వరట. గేటు కాడే ఒట్టుకుని డబ్బాలో ఏసి తాళమేసేస్తారట, సెక్యూరిటీ అంట. కోడ్ వొస్తే అది సూసీసరికి పొద్దు కూకిపోద్ది" అంది. తరవాత, "అదే సెప్పినాదమ్మా, అప్ప నంబరు ఎయ్యించు, అప్పయితే మనకోసం ఒక్కసారైనా ఫోనెత్తి అడుగుద్ది అని" అంది.

తెర మూలన సెషన్ ముగియడానికి నాలుగు నిమిషాలు అని చూపిస్తోంది. చిన్నపిల్ల నా భుజం మీదుగా వంగి తెర చూస్తోంది. ఒక నోటు పుస్తకం తీసి, మొదటి పేజీలో ఆ పిల్ల పేరు రాసుకున్నాను. ఆ తరవాత గడిలో నా సొంత నంబరు వేశాను.